అక్క మొక్కు

పేరు రాయాల్సిన గడి దగ్గర పాలుపి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత తనది కాని పేరును గుండ్రటి అక్షరాల్లో, ఒక్క తప్పు లేకుండా రాసింది. హర్యాంతి.

"కార్డు" అంది బల్ల అవతల కూర్చున్న పెద్దావిడ బూ జుమిరా, ఆవలింతను అరచేత్తో ఆపుకుంటూ.

వాతులావాంగ్ కొండ ఎక్కేవాళ్ళు ఎవరైనా సరే, గుర్తింపు కార్డు బేస్‌క్యాంప్‌లో వదిలి వెళ్ళాలి. దిగి వచ్చాక తీసుకోవాలి. సొరుగులో కార్డు మిగిలిందంటే కొండమీద మనిషి మిగిలినట్టు. పాలుపి జేబులో రెండు కార్డులున్నాయి. ఒకటి తనది, ఒకటి అక్కది. అక్కది తీసి బల్లమీద పెట్టింది.

బూ జుమిరా దాన్ని బల్బు కిందికి జరిపి, ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూసింది. "ఇందులో బుగ్గలు బూరెల్లా ఉన్నాయే. ఏం చేశావమ్మాయ్ వాటిని?"

"జ్వరమొచ్చిందండీ."

అది పూర్తిగా అబద్ధం కాదు. జ్వరం వచ్చిన మాట నిజమే. వచ్చింది కార్డులో ఉన్న మనిషికి. దోమకాటు జ్వరమన్నారు, తగ్గుతుందన్నారు. ఆరో రోజు పొద్దున హర్యాంతి లేదు.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే."

"మంగళవారం పూట ఒక్కదానివి! ఆదివారం వస్తే ఏం పోయేది? ఆదివారమైతే పైన కాలు పెట్టడానికి చోటుండదు, ఒకరి ఫొటోలో ఇంకొకరి చెయ్యి. ఇవాళ చూడు, కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరు గుడారం వేసుకున్నారు. ఆ ఇద్దరూ, నువ్వూ. అంతే." బూ జుమిరా కార్డు సొరుగులో పడేసింది. "ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రాయి. ఎప్పటికి దిగుతావు?"

"ఎనిమిదింటికల్లా."

నంబరు గడిలో పాలుపి అమ్మ నంబరే రాసింది. ఒక పొద్దున రెండు అబద్ధాలు రాయడానికి చెయ్యి రాలేదు. బడిలో చదివే రోజుల నుంచీ రాతపని అంటే భయభక్తులున్న పిల్ల ఆమె.

అప్పటికి మూడు దాటి పది నిమిషాలు. పాలుపి తలకు లైటు కట్టుకుని, బిస్మిల్లా అనుకుని, పొగాకు చేల మధ్య దారి పట్టింది.

మొక్కు అక్కది. హర్యాంతి తెమంగ్గుంగ్‌లో సిగరెట్లు చుట్టే కార్ఖానాలో ఏడేళ్ళు చేసింది. ఆ చేతులే చెల్లెల్ని కాలేజీలో చదివించాయి. ఆ ఇంట్లో గడప దాటి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి పాలుపి. చివరి ఏడు పరీక్ష ఒకసారి తప్పి, రెండోసారీ తప్పేలా ఉన్నప్పుడు, హర్యాంతి నీళ్ళ కుళాయి దగ్గర నలుగురి ముందూ మొక్కేసుకుంది. "నా చెల్లెలు పట్టా పుచ్చుకుంటే, నా పుట్టినవారం నాడు వాతులావాంగ్ ఒంటరిగా ఎక్కుతాను. పొద్దు పొడిచే వేళకి శిఖరమ్మీద పసుపన్నం ముద్ద తిని దిగుతాను." మెట్లెక్కితేనే ఆయాసపడే హర్యాంతి కొండెక్కుతాననేసరికి కుళాయి దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు.

చెల్లెలు పట్టా పుచ్చుకుంది. అప్పటికి అక్క పోయి నలభై రోజులు. మొక్కు తీర్చాల్సిన రోజు వచ్చింది, తీర్చాల్సిన మనిషి లేదు.

"మొక్కుకున్నది పోయింది, దానితోపాటే మొక్కూ పోయింది" అంది అమ్మ. "కొండా వద్దు, గిండా వద్దు. నాకు మిగిలింది నువ్వొక్కదానివి. నిన్ను ఏ కొండకీ ఇవ్వను."

అయితే తీరని మొక్కు పోయినవాళ్ళ మెడకు చుట్టుకుని ఉంటుందని ఊళ్ళో అందరికీ తెలుసు. రక్తం పంచుకున్నవాళ్ళు తీరిస్తేగానీ అది ఊడదు. పట్టా ఉన్నదాన్ని, ఇలాంటివి నమ్మకూడదనుకుంది పాలుపి. నమ్మకుండా ఉండటానికి పట్టా ఒక్కటీ చాలలేదు. ఐదు రోజుల సంతవారంలోని క్లివోన్ రోజూ మంగళవారమూ కలిసి ముప్పై ఐదు రోజులకొకసారి వచ్చే అక్క పుట్టినవారం, క్లివోన్ మంగళవారం, దగ్గరపడేకొద్దీ నిద్ర పోయింది. చివరికి సెమరాంగ్‌లో ఉద్యోగానికి పిలిచారని అమ్మకు చెప్పి, అమ్మ రేకుపెట్టెలోంచి అక్క కార్డు తీసుకుని బయల్దేరింది. మొక్కు ఎవరిదో కొండకు తెలియాలి కదా. పుస్తకంలో పాలుపి అని రాస్తే అది పాలుపి షికారు అవుతుంది. హర్యాంతి మొక్కు ఎలా అవుతుంది?

పొగాకు చేలు దాటాక క్యాబేజీ మళ్ళు. అవి దాటాక పైన్ చెట్లు. అక్కణ్ణుంచి మట్టిలో తవ్విన మెట్లు, ఒక్కొక్కటీ మోకాలెత్తు. లైటు పడినంత మేర దారి, పడనిచోట ఏమీ లేదు. తన ఊపిరి తనకే ఎవరో వెనకాల వస్తున్నట్టు వినిపించేది. ఆగితే అదీ ఆగేది. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి చూడకూడదని ఒట్టు పెట్టుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కింది. నాలుగు వందల దగ్గర లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

రెండు బండల మధ్య మనిషి పక్కకు తిరిగితేగానీ పట్టని సందు ఉంది. ఆ రాతి ద్వారం వల్లే కొండకు ఆ పేరు. అది దాటుతుండగా లోయలో ఎక్కడో మసీదు నుంచి తెల్లవారుజాము పిలుపు వినిపించింది, నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టు. సీసాలో నీళ్ళతో ముఖమూ చేతులూ తడుపుకుని, చదునుగా ఉన్నచోట నమాజు చేసుకుంది. లేచి మళ్ళీ ఎక్కసాగింది.

అయిదు దాటి పాతిక నిమిషాలకు శిఖరం. గుడారం ముందు కుర్రాళ్ళిద్దరూ దుప్పట్లు కప్పుకుని నూడుల్స్ ఉడికిస్తున్నారు.

"ఒక్కరే వచ్చారా అక్కా? అబ్బో! వీడు రాత్రి కడుపునొప్పని నన్ను తోడు రమ్మన్నాడు, ఆ పొదదాకా."

"ఒరేయ్, అది పరాయివాళ్ళకు చెప్పే సంగతా!"

"ఫొటో తియ్యనా అక్కా? ఫొటో లేకపోతే కొండెక్కినట్టే కాదు, ఎవరూ నమ్మరు."

"వద్దు తమ్ముడూ" అంది పాలుపి. నమ్మాల్సింది ఎవరో వాళ్ళకేం తెలుసు.

కాస్త దూరంగా వెళ్ళి కూర్చుంది. ఎదురుగా సిందోరో, సుంబింగ్ కొండలు రెండూ నల్లగా లేచాయి. వాటి భుజమ్మీద ఎరుపు పాకి, సూర్యుడు ఒక్కసారిగా పైకి వచ్చాడు. అరిటాకు పొట్లం విప్పింది. పసుపన్నం చల్లబడి గట్టిపడింది, పైన వేసిన గుడ్డట్టు ముక్కలు తోలులా సాగుతున్నాయి. నమిలింది. గొంతులో అడ్డం పడింది. నీళ్ళు తాగి మళ్ళీ నమిలింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. మెతుకు మిగలకుండా తిని, ఆకు మడిచి సంచిలో పెట్టుకుంది.

"అక్కా, తీరింది" అంది పైకే.

అక్కడితో ఆమె పని అయిపోయింది. ఇక దిగడమొక్కటే మిగిలింది. ఎనిమిదింటికి దిగితే తొమ్మిదింటి బస్సు దొరుకుతుంది. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసి ఉద్యోగం సంగతి అడిగేసరికి బస్సులో ఉండొచ్చు. అక్క పోయినప్పటి నుంచి అమ్మకు ఫోన్ మోగినా భయమే, మోగకపోయినా భయమే. ఆ బస్సు తప్పకూడదు. ఆ తొందరలోనే లేచింది.

లేచి నాలుగడుగులు వేసిందో లేదో, లోయలోంచి పొగమంచు పైకి వచ్చింది. పాలు పొంగినట్టు వచ్చింది. ముందు సుంబింగ్ పోయింది, తర్వాత గుడారం పోయింది, తర్వాత చాచిన చేతి వేళ్ళు కూడా అలుక్కుపోయాయి. శిఖరమ్మీద రెండు గట్లున్నాయి. ఒకటి ఎక్కి వచ్చినది. రెండోది పాత దారి, కొండచరియ విరిగిపడ్డాక మూసేశారు. కాలికి తగిలిన చదును నేల మీదుగా, అది మూసేసిన గట్టని తెలియక, ఆమె నడక సాగించింది.

వెనకాల ఎవరో గట్టిగా అరిచారు. గాలి మాటలన్నీ తినేసి ఒక్కటి మాత్రం ఆమెదాకా పంపింది.

"అక్కా...!"

పాలుపి ఒళ్ళు ఝల్లుమంది. ఇరవై మూడేళ్ళు ఆ మాట అన్నది తనే. గుడారం కుర్రాడు పిలుస్తున్నాడనీ, అటు కాదని చెబుతున్నాడనీ ఆ క్షణాన తోచనే లేదు. తన గొంతే మంచులో తిరిగి వచ్చి అక్కను పిలుస్తున్నట్టనిపించింది. నడక పరుగైంది.

పదడుగుల్లో కాళ్ళకింద గులకరాళ్ళు జారాయి. కూలబడ్డ మనిషి కూలబడ్డట్టే జారింది. చలికోటు వీపు గీసుకుంటూ, చేతికి దొరికిన పొదనల్లా పీకుకుంటూ జారి, ఒక పలక రాతి మీద ఆగింది. కుడికాలు శరీరం కిందకు మడతపడింది. చీలమండలోంచి మెరుపు తొడదాకా పాకింది.

కొంతసేపు కదల్లేదు. తర్వాత చేత్తో చుట్టూ తడిమింది. వెనక చరియ. ఎడమ పక్క చరియ. కుడిపక్క వంకర కాండం ఉన్న చిన్న పొద. ముందు ఏమీ లేదు. గుప్పెడంత రాయి ఒకటి తీసి ముందుకు విసిరింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదు అనబోతుండగా చప్పుడు వినిపించింది.

ఫోన్ జేబులో లేదు. జారినచోట ఎక్కడో పడిపోయింది.

కేకలు వేసింది. మంచు వాటిని దూదిలా పీల్చుకుంది. గొంతు బొంగురుపోయాక మానేసింది. చలి మొదలైంది. వేళ్ళు చంకల్లో దూర్చుకుని, పొద కాండానికి ఆనుకుని కూర్చుంది. ఎంతసేపు గడిచిందో తెలియలేదు. ఒక్కటే ఆలోచన గుండ్రంగా తిరిగింది. ఇక్కడే పోతే కింద బల్ల సొరుగులో ఉన్నది హర్యాంతి కార్డు. హర్యాంతి పోయిందని రాస్తారు. ఒకే కూతురు రెండుసార్లు పోయినట్టు అమ్మ చేతికి కాగితం ఇస్తారు. పాలుపి అన్న మనిషి సెమరాంగ్‌కి ఉద్యోగానికి వెళ్ళి తిరిగి రాలేదు, అంతే. అమ్మ ఏ బస్సు కోసం ఎదురుచూడాలి?

"హర్యాంతీఈఈ..."

పైనుంచి, మగ గొంతు.

పాలుపి ఊపిరి బిగబట్టింది.

"హర్యాంతీఈఈ..."

అమ్మమ్మ చెప్పిన మాట ఎముకల్లోంచి లేచింది. కొండమీద మంచులో పేరు వినబడితే ముఖం కనబడేదాకా పలకకూడదు. పలికితే పిలిచినవాడి వెంట పోవాల్సిందే. బతికున్నవాళ్ళ పేరు పిలిస్తేనే అంత ప్రమాదమైతే, పోయినవాళ్ళ పేరు పిలుస్తున్నది ఎవరు? అక్కను వెతుక్కుంటూ వచ్చారా? మొక్కు సరిపోలేదా? పాలుపి తలగుడ్డ కొంగు నోట్లో కుక్కుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, పొదకింద ముడుచుకుపోయింది. నెత్తిమీద రాళ్ళు కదిలాయి. చిన్న గులకరాళ్ళు రెండు జారివచ్చి ఒళ్ళో పడ్డాయి. అడుగులు సరిగ్గా పైన ఆగాయి.

ఆమె కళ్ళు మూసుకుంది.

అడుగులు కదిలాయి. దూరమయ్యాయి. అప్పుడు ఇంకో గొంతు, చిన్నవయసుది, విసుగ్గా వినిపించింది.

"ఎర్ర చలికోటు అన్నారు ఆ గుడారం పిల్లలు. ఎరుపు కాదు కదా, నా చెప్పులే నాకు కనబట్టం లేదు."

"ముందు ఆ నోరు మూసుకుని చూసి నడువు. కార్డు సొరుగులో మిగిలితే జుమిరా మన ఇద్దర్నీ నమిలేస్తుంది."

పాలుపి కళ్ళు తెరిచింది. దెయ్యాలు చలికోటు రంగు గురించి మాట్లాడుకోవు. వీళ్ళు బేస్‌క్యాంప్ నుంచి వెతకడానికి వచ్చిన మనుషులు. పిలుస్తున్నది అక్కను కాదు, కార్డును. ఆ కార్డు పెట్టింది తను. సాయం నెత్తిమీద నిలబడి పిలుస్తుంటే గుడ్డ నోట్లో కుక్కుకుని కూర్చుంది తను!

కొంగు ఊడదీసి అరిచింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఉమ్మి మింగి మళ్ళీ అరిచింది. అడుగుల చప్పుడు ఇంకా సన్నబడింది. ఆమె రాయి తీసుకుని పక్క చరియను బాదడం మొదలుపెట్టింది. ఠంగ్, ఠంగ్, ఠంగ్. పిచ్చిపట్టినట్టు బాదింది. వేలు చితికింది. ఆపలేదు.

అడుగులు ఆగాయి. తిరిగి వచ్చాయి.

"ఎవరది?" అన్నాడు పెద్దాయన.

"నేను! కింద ఉన్నాను! కాలు కదలట్లేదు!" ఈసారి గొంతు బొంగురుగానైనా పెగిలింది.

"హర్యాంతేనా?"

అవునంటే అయిపోయేది. కానీ మూడు నెలలుగా ఆ ఇంట్లో ఆ పేరుకు ఎవరూ పలకలేదు. పలకడానికి పాలుపికి నోరు రాలేదు.

"కాదు! పాలుపిని! హర్యాంతి మా అక్క!"

"పాలుపి ఎవరు? పుస్తకంలో ఒక్కతే ఉంది" అన్నాడు చిన్నవాడు.

"ఇద్దరు వచ్చారేమోరా గిమిన్" అన్నాడు పెద్దాయన. వంగి మళ్ళీ కేకేశాడు. "మీ అక్క ఏదమ్మా? నీ దగ్గరే ఉందా?"

"అక్క లేదు! చనిపోయింది!"

"అయ్యో దేవుడా! పడిపోయిందా? ఎంతసేపైంది?"

"మూడు నెలలైంది!"

గిమిన్ గొణుగుడు వినిపించింది, ప్రార్థన. మాటలు తొందరతొందరగా, ఒకదానిమీద ఒకటి పడుతూ.

"పాక్ కార్సో, పోదాం పదండి" అన్నాడు మధ్యలో ఆపి, పెద్దాయనతో. పాక్ అంటే అక్కడ పెద్దవాళ్ళను పిలిచే 'అయ్యా'.

అంతలో వాకీటాకీ గరగరలాడింది. మంచులో బూ జుమిరా గొంతు రేకుమీద వానలా పడింది. "కార్సో... కార్సో, వింటున్నావా... ఆ నంబరుకు ఫోన్ చేశా... వాళ్ళమ్మ ఎత్తింది... హర్యాంతి పోయి మూడు నెలలైందంట! మరి పొద్దున నా బల్ల ముందు నిలబడి సంతకం పెట్టింది ఎవరు కార్సో? నా చేత్తో కార్డు తీసుకున్నానయ్యా! కార్సో... ఆమె ఇంకా ఏమందంటే..." గరగర. తర్వాత ఏమీ లేదు.

"పాక్" అన్నాడు గిమిన్, ఏడుపు గొంతుతో.

పాలుపికి అంతా వినిపించింది. అమ్మకు తెలిసిపోయింది. చచ్చిన కూతురు కొండమీద తప్పిపోయిందని ఎవరో అమ్మకు ఫోన్ చేసి చెప్పారు. ఆమె ఆనుకున్న పొద కాండం చిన్నగా కిర్రుమంది. వేళ్ళకింద మట్టి తడిగా, వదులుగా తగిలింది. ఒక వేరు పైకి తేలి ఉంది. ఇందాక అది మట్టిలో ఉండేది.

"అయ్యా! పొద ఊడొస్తోంది! నేను మనిషిని! ఆ కార్డు అక్కది, మొక్కు అక్కది, తీర్చడానికి నేనొచ్చాను. నా కార్డు నా జేబులోనే ఉంది!"

"మంచులో అన్నీ ఇలాగే చెబుతాయి" అన్నాడు గిమిన్. "అడుగు వేశామా, ఇక అంతే. మా బాబాయిని ఇలాగే పిలిచాయి. పాక్, కాళ్ళు నేలకు ఆనుతున్నాయేమో అడగండి. వాటికి ఆనవు."

"అమ్మాయ్, కాళ్ళు నేలకు ఆనుతున్నాయా?"

"ఒక్క కాలే ఆనుతోంది!" అని అరిచింది పాలుపి. ఎక్కణ్ణుంచి వచ్చిందో అంత కోపం. "రెండోది వాచింది! మీరు ఇంకా ఇలాగే ప్రశ్నలడుగుతూ కూర్చుంటే ఏదీ ఆనదు!"

పాక్ కార్సో ఒక్కసారి గొంతులోనే నవ్వాడు. సంచి నేలకు దించిన చప్పుడైంది.

"ఏం చేస్తున్నారు?"

"తాడు తీస్తున్నా."

"పాక్! తప్పు అనుకోండి, అది మనిషి కాదనుకోండి!"

"కాదనుకో. దెయ్యానికి తాడు వేశాననుకో. ఏం పోతుంది? తాడు పోతుంది. అది మనిషయ్యుండి వెయ్యలేదనుకో, రేపు ఆ ఫోన్ ఎత్తిన తల్లి ఇక్కడిదాకా వచ్చి, ఎందుకు వెయ్యలేదయ్యా అని అడిగితే నా దగ్గర ఏం జవాబుంది? దాని పేరు పుస్తకంలో లేదమ్మా అననా?" ఆయన మాట్లాడుతూనే తాడు ముడి వేస్తున్నాడు. "ఆ బండకు రెండు చుట్లు తిప్పు. చూడటం ఇష్టంలేకపోతే మొహం అటు తిప్పుకో. చేతులు మాత్రం వదలకు."

తాడు కొస మంచులోంచి ఊగుతూ దిగింది. పాలుపి భుజానికి అరచెయ్యి దూరంలో ఆగింది. ఎడమచెయ్యి చాచింది. అందలేదు. పొద మీది బరువు తీసి ఎడమకాలి మీద వేసి, ఇంకొంచెం చాచింది. వేలికొసలకు తగిలి తప్పుకుంది.

"ఎడమకు! ఇంకొంచెం ఎడమకు జరపండి!"

"నీ ఎడమా, నా ఎడమా?"

"నాది!"

తాడు జరిగింది. రెండు చేతులా దొరకబుచ్చుకుంది. నడుముకు చుట్టి, చితికిన వేలితో, పళ్ళతో ముడి బిగించింది. ఆ పని పూర్తికాకముందే పొద ఊడింది. వేళ్ళు విదిల్చినట్టు వేర్లన్నీ ఒక్కొక్కటిగా తెగి, వంకర కాండం మట్టిగడ్డతో సహా ఆమె పక్కనుంచి జారి తెల్లటి శూన్యంలో పడింది. ఈసారి ఆమె లెక్కపెట్టలేదు.

"లాగండి!"

తాడు బిగిసింది. డొక్కల్లో దిగబడింది. మంచి కాలితో రాతిని తన్నుకుంటూ, మోచేతులు చెక్కుకుపోతుండగా పాలుపి పైకి వచ్చింది. ముందు రెండు రబ్బరు బూట్లు కనిపించాయి. తర్వాత బురద అంటిన లుంగీ అంచు. తర్వాత నెరిసిన గడ్డమున్న ఎండిన ముఖం. ఆయన ఆమె చలికోటు మెడ పట్టుకుని గట్టుమీదకు ఈడ్చేశాడు.

ఇద్దరూ కాసేపు పడుకుని రొప్పారు. బండ దగ్గర గిమిన్ ఇంకా తాడు లాగుతూనే ఉన్నాడు, మొహం అటు తిప్పుకుని.

"చాల్లేరా, వచ్చేసింది. వదులు."

గిమిన్ అరకన్ను తెరిచి చూశాడు. ఇరవై ఏళ్ళుంటాయి. దగ్గరకొచ్చి, నిప్పు తాకినట్టు ఒక్క వేలితో ఆమె చీలమండ తాకాడు. ఆమె కెవ్వుమంది.

"వాచింది పాక్, గుమ్మడికాయలా" అన్నాడు. "దెయ్యానికి వాపు వస్తుందా?"

"నన్నడుగుతావేం? దాన్నే అడుగు."

పాలుపి జేబులోంచి తన కార్డు తీసి చాచింది. పాక్ కార్సో తీసుకోలేదు. "అది జుమిరాకు చూపించు. తిట్లకు సిద్ధపడి చూపించు. ఇంత వయసొచ్చాక పోయినవాళ్ళ పేరు రాస్తావా పుస్తకంలో? మేం ఎవర్ని పిలవాలి, నువ్వెవరికి పలకాలి?"

"మొక్కు అక్కదని..."

"మొక్కు ఆమెదే తల్లీ. కాలు నీదిగా."

ఆమె కార్డు మళ్ళీ జేబులో పెట్టుకుంది.

మంచు కాస్త పలచబడగానే వాకీటాకీ మళ్ళీ ప్రాణం పోసుకుంది. "కార్సో! కార్సో! ఏమయ్యావయ్యా! ఆమె ఫోన్ పెట్టలేదు. ఇందాకటి నుంచి అలాగే పట్టుకుని ఉంది. అది నా చిన్నది, అంది. కార్డు ఎవరిదైనా అక్కడున్నది నా చిన్నదే, వెతకండి, అంది. ఏం చెప్పమంటావు ఆ మహాతల్లికి?"

పాక్ కార్సో వాకీటాకీ పాలుపి చేతిలో పెట్టి, నొక్కాల్సిన మీట చూపించాడు. "అక్కడ జుమిరా ఫోన్ దీని దగ్గర పెడుతుంది. నొక్కి మాట్లాడు. వదిలితే వింటావు."

పాలుపి మీట నొక్కింది. నోరు తెరిచింది. సెమరాంగ్ అబద్ధం, రేకుపెట్టె, కార్డు, అన్నీ ఒకేసారి చెప్పాలనుకుంది.

"అమ్మా" అంది. వదిలింది.

గరగర. ఆ గరగరలో ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

"పాలుపీ?"

"నేనేనమ్మా."

తిట్లు వస్తాయనుకుంది. ఏడుపు వస్తుందనుకుంది. రెండింటికీ తలవంచుకుని కూర్చుంది. అమ్మ గొంతు, ఊరి కుళాయి దగ్గర పక్కింటావిడతో మాట్లాడినంత మామూలుగా వచ్చింది.

"పైదాకా వెళ్ళావా?"

"వెళ్ళాను."

"ముద్ద తిన్నావా?"

"మెతుకు మిగల్చకుండా తిన్నానమ్మా."

మళ్ళీ గరగర. దాని వెనకాల బూ జుమిరా ముక్కు చీదుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"సరే" అంది అమ్మ. "ఇక దిగు. మెల్లగా దిగు. ఏ బస్సూ పట్టుకోవద్దు. నేనే వస్తున్నా అక్కడికి."

పాలుపి మీట మీంచి వేలు తియ్యడం మరిచిపోయింది. పాక్ కార్సో నెమ్మదిగా దాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. గిమిన్ అప్పటికే వీపు తిప్పి, మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"ఎక్కండి. బరువెంత?"

"నలభై ఏడు."

"దెయ్యమైతేనే బాగుండేది" అంటూ అతను ఆమెను వీపుమీద సర్దుకుని లేచాడు. పాక్ కార్సో తాడు చుట్టలు భుజాన వేసుకుని ముందు నడిచాడు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, కర్రతో పొడిచి చూసి, ఇక్కడ గట్టిగా ఉంది, రా, అని చెబుతూ వాళ్ళను దింపుకుంటూ పోయాడు.